పురిటింట్లో అల్లుడు చుట్టం

గోదావరి జిల్లాల్లో మొదటి కాన్పు అంటే పుట్టింటిదే. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయికి చలిమిడి పెట్టి తీసుకొచ్చేస్తారు, అమలాపురంలోనో భీమవరంలోనో ఏదో నర్సింగ్‌హోంలో పురుడు పోయిస్తారు, నాలుగైదు రోజులకి డిశ్చార్జి చేయించి మళ్లీ పుట్టింటికే తెస్తారు, ఇరవై ఒకటో రోజు బారసాల చేస్తారు, మూడో నెలలోనో ఐదో నెలలోనో సారె పెట్టి అత్తారింటికి పంపుతారు. ఈ వరసంతటిలో బిడ్డ తండ్రికి పని ఎక్కడుందో వెతకండి. ఆసుపత్రి బిల్లు దగ్గర ఉంటుందనుకుంటే అదీ చాలాసార్లు మావగారే కట్టేస్తారు. బారసాల నాడు ఉయ్యాల పక్కన ఫోటోలో ఉంటాడు, అంతే. మిగతా రోజుల్లో ఆయన అల్లుడుగారు. వస్తే కుర్చీ వేస్తారు, కోడి కూర వండుతారు, రాత్రి బిడ్డ ఏడిస్తే ‘మీరు పడుకోండి బాబూ, మేం చూసుకుంటాం’ అంటారు, ఆదివారం సాయంత్రం హైదరాబాద్ రైలెక్కించేస్తారు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. పైగా ఈ పద్ధతి వెనక చాలా తెలివి ఉంది. కని అలిసిపోయిన ఆడపిల్లని అత్తారింటి పనులకి దూరంగా, సిగ్గుపడకుండా ‘అమ్మా, నొప్పేస్తోంది’ అని అరవగలిగే చోట ఉంచడం, పదకొండు రోజులు మైల పేరుతో వంటింటి వైపు రానివ్వకపోవడం, వేళకి వేడివేడిగా ముద్ద పెట్టడం... మైల సంగతి ఎలా ఉన్నా, దాని చాటున బాలింతకి దొరికిన విశ్రాంతి మాత్రం నిజం. కాకపోతే ఈ ఏర్పాటు పుట్టిన కాలంలో ఇంట్లో ఒక అమ్మమ్మ కాదు, ఆడవాళ్లు నలుగురైదుగురు ఉండేవారు. నీళ్లు కాచేది ఒకరు, బిడ్డకి పోసేది ఒకరు, పథ్యం వండేది ఒకరు, పక్కబట్టలు ఉతకడానికి వేరే మనిషి, పైన మంత్రసాని వచ్చిపోతుండేది. ఇప్పుడు ఆ ఇంట్లో మిగిలింది అమ్మమ్మ ఒక్కతే. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, షుగరు, బీపీ బిళ్లలు. కొడుకు బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉంటాడు. తాతగారు మందుల షాపుకి వెళ్లొస్తారు, అంతకుమించి ఆయన చేతికి ఏమీ అప్పజెప్పరు. అయిదుగురి పని ఒకరి మీద పడింది, పద్ధతి మాత్రం అయిదుగురు ఉన్నట్టే నడుస్తోంది. కొత్తగా తల్లైన అమ్మాయి మొదటి వారాల్లో పడే టెన్షన్‌లో సగం బిడ్డ వల్ల వచ్చేది కాదు, ఈ చేతుల కొరత వల్ల వచ్చేది.

రాత్రుల లెక్క చూస్తే ఇది అర్థమవుతుంది. పుట్టిన బిడ్డ పొట్టలో మొదటి రోజు పట్టేది టీస్పూను, టీస్పూనున్నర పాలు. వారం తిరిగేసరికి కొంచెం పెరుగుతుంది, అయినా చిన్నదే. అందుకే రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు తాగాలి, అంటే రెండు మూడు గంటలకోసారి. ఆ రెండు గంటలు లెక్కపెట్టేది పాలు పట్టడం మొదలెట్టిన దగ్గర్నుంచే కానీ ముగించిన దగ్గర్నుంచి కాదు. తాగడానికి అరగంట, భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించడానికి పది నిమిషాలు, తడిగుడ్డ మార్చడం, మళ్లీ పడుకోబెట్టడం, ఈలోగా కక్కితే ఇంకో గౌను. ఇవన్నీ పోగా తల్లికి మిగిలేది గంటా గంటన్నర కునుకు. బిడ్డ రోజుకి 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది, నిజమే, కానీ ఆ నిద్ర ముక్కలు ముక్కలుగా ఉంటుంది. పైగా పగలేదో రాత్రేదో దానికి తెలీదు. ఆ తేడా తెలిపే లోపలి గడియారం సర్దుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ‘పగలంతా పడుకుని రాత్రి జాగారం చేస్తోంది’ అని విసుక్కోవడం సహజమే, కాకపోతే దానికి బిడ్డ చేయగలిగింది ఏమీ లేదు. పగలు గదిలోకి వెలుతురు రానిచ్చి, రాత్రి దీపం తగ్గించి మాటలు తగ్గిస్తే కొంచెం త్వరగా దారిన పడుతుంది.

దీనికి ఆపరేషన్ కోతని కలపండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కాన్పుల్లో 42 శాతం పైగా సిజేరియన్లే. కుట్లతో ఉన్న మనిషికి మంచం మీంచి లేవడమే ఒక పని, అలాంటిది రాత్రికి నాలుగైదుసార్లు లేచి బిడ్డని ఎత్తుకోవాలి. పాత పురిటి పద్ధతిలో ఆపరేషన్‌కి చోటు లేదు, ఎందుకంటే అప్పట్లో ఆ సంగతే లేదు. పొత్తికడుపుకి గట్టిగా గుడ్డ బిగించడం, ఆరని కుట్ల మీద సలసలా కాగిన నీళ్లు పోయడం ఇప్పటికీ కొన్ని ఇళ్లలో జరుగుతూనే ఉన్నాయి. డాక్టరమ్మని అడగకుండా అలాంటివి చేయకపోవడం మంచిది.

ఇక పాల సంగతి. మొదటి వారంలో పుట్టింట్లో ఎక్కువసార్లు వినబడే మాట ‘పాలు చాలడం లేదు’. ఈ ఒక్క మాట చేసినంత నష్టం ఇంకేదీ చేయదేమో. మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు, చిక్కగా పసుపుపచ్చగా కొంచెమే వస్తాయి, బిడ్డ పొట్టకి అవే సరిపోతాయి. అసలు పాలు చేపుకి రావడానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది, సిజేరియన్ అయితే ఒక రోజు ఆలస్యం కావచ్చు. ఈ మధ్యలో బిడ్డ బరువు తగ్గుతుంది. పుట్టినప్పటి బరువులో 7 శాతం దాకా తగ్గడం మామూలే, 10 శాతం దాటితే డాక్టరు చూడాలి. 10 నుంచి 14 రోజుల్లో మళ్లీ పుట్టిన బరువుకి వచ్చేస్తుంది. ఇది తెలియని ఇంట్లో రెండో రోజుకే ఎవరో ఒకరు డబ్బా పాలు తెప్పిస్తారు. డబ్బా పట్టిన బిడ్డ నిండుగా పడుకుంటుంది, రొమ్ము పట్టదు. పట్టకపోతే పాలు ఊరవు. బిడ్డ చప్పరించినప్పుడే తల్లి మెదడు నుంచి పాలు ఊరించే ప్రోలాక్టిన్ హార్మోన్ వస్తుంది, అది రాత్రిపూట ఇంకా ఎక్కువ వస్తుంది, అందుకే రాత్రి పాలు మానిపించడం అంటే మర్నాటి పాలు తగ్గించుకోవడమే. వారం తిరిగేసరికి నిజంగానే పాలు చాలవు. ‘చెప్పానా’ అంటుంది పక్కింటావిడ. డబ్బా పాల ప్రకటనల్ని మన దేశంలో 1992 చట్టంతోనే నిషేధించారు, కానీ పక్కింటావిడ మీద ఆ చట్టం పనిచేయదు.

చాలుతున్నాయో లేదో తెలుసుకోవడానికి తూకం దాకా పోనక్కర్లేదు, తడిసిన గుడ్డలు లెక్కపెడితే చాలు. మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, అలా పెరుగుతూ ఐదారు రోజులకి రోజుకి ఆరో అంతకన్నా ఎక్కువో. మలం నల్లగా తారులా మొదలై నాలుగైదు రోజులకి పసుపుపచ్చగా మారుతుంది. ఈ రెండూ సరిగ్గా ఉండి, బిడ్డ హుషారుగా తాగుతుంటే పాలు చాలుతున్నట్టే. సాయంత్రం పూట గంటకోసారి రొమ్ము కోసం వెతుక్కోవడం, రెండు మూడు వారాలప్పుడు ఉన్నట్టుండి ఎక్కువ అడగడం ఎదుగుదలలో భాగమే.

తల్లి తిండి విషయంలో డెల్టా వంటిల్లు ఒక చేత్తో పెడుతుంది, ఇంకో చేత్తో లాగేసుకుంటుంది. వెల్లుల్లి కారం, సొంఠి, నెయ్యి, బీరకాయ, మునగాకు, చేప తినే ఇళ్లలో పాలు పడతాయని సొర చేప. వీటిలో చాలావాటితో ఇబ్బంది లేదు, ముఖ్యంగా చేపలో మంచి మాంసకృత్తులు ఉన్నాయి కాబట్టి ఆ నమ్మకం ఎలా ఉన్నా చేప కూర మాత్రం మంచిదే, కాకపోతే పాదరసం ఎక్కువుండే సొర కన్నా చిన్న చేపలు నయం. కానీ ‘ఒంట్లో నీరు చేరుతుంది’ అని మంచినీళ్లు గ్లాసుతో కొలిచి ఇవ్వడం ఏమిటి? పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ, నీళ్లు తగ్గిస్తే మలబద్ధకం, మూత్రంలో మంట, కుట్లున్న మనిషికి అదో నరకం. చుట్టూ కొబ్బరితోటలు, పెరట్లో బొండాలు, బాలింతకి మాత్రం ‘జలుబు చేస్తుంది’ అని ఒక్క బొండం కూడా కొట్టివ్వరు. పాలిచ్చే మొదటి ఆరు నెలలు తల్లికి రోజుకి ఇంకో 600 కేలరీల దాకా అదనంగా కావాలి. పప్పు వద్దు, పెరుగు వద్దు, పండు వద్దు అంటూ పథ్యం బిగిస్తే అవి ఎక్కడ్నుంచి వస్తాయి? ఐరన్, కాల్షియం బిళ్లలు కాన్పయ్యాక కూడా ఆరు నెలలు వాడాలి. ఇంటికొచ్చాక ఆ సంచీ గూట్లోకి పోతుంది, మళ్లీ ఎవరూ తీయరు.

నీళ్లు పోయడం అనేది వేరే ప్రపంచం. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, కాళ్ల మీద బిడ్డని బోర్లా వేసుకుని ఒడుపుగా నూనె రాసే అమ్మమ్మ పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. నూనె రాయడం, మెల్లగా మర్దనా చేయడం మంచివే, బిడ్డ హాయిగా నిద్రపోతుంది. అక్కడితో ఆగితే బాగుణ్ణు. ముక్కులో చెవుల్లో నూనె చుక్కలు వేయడం (నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా), రొమ్ములు గట్టిపడ్డాయని పిండడం (తల్లి హార్మోన్ల వల్ల ఉబ్బుతాయి, వాటంతట అవే తగ్గుతాయి, పిండితే చీము పడుతుంది), బొడ్డు మీద పసుపో బూడిదో పెట్టడం, ఆముదం పట్టడం, వస అరగదీసి నాకించడం, పుట్టగానే తేనె చుక్క. ఏడాది లోపు పిల్లలకి తేనె వల్ల బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశం ఉంది, అందుకే వద్దంటారు. బొడ్డుకి ఏమీ రాయకుండా పొడిగా ఉంచితే వారం రెండు వారాల్లో రాలిపోతుంది. సాంబ్రాణి పొగ తల్లి జుట్టుకి వేస్తే వేసుకోండి, తలుపులన్నీ మూసిన గదిలో ఆ పొగ మధ్య బిడ్డని మాత్రం ఉంచకండి. ఇంకోటి, మే నెల ఉక్కపోతలో కూడా కిటికీలు మూసి, టోపీ, సాక్సు, రెండు దుప్పట్లు. చెమటకాయలు వస్తే మళ్లీ పౌడరు. మన వాతావరణంలో బిడ్డకి పెద్దవాళ్ల కన్నా ఒక పొర ఎక్కువ చాలు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా అక్కర్లేదు, వెల్లకిలా, చదునైన పక్క మీద, దోమతెర లోపల పడుకోబెడితే అదే క్షేమం.

పసిరికలు, అంటే పచ్చకామెర్లు, దాదాపు ప్రతి ఇంట్లో వినబడే మాట. రెండో మూడో రోజు మొదలై, నాలుగైదు రోజులకి ఎక్కువై, రెండు వారాల్లో తగ్గిపోతే మామూలే. పుట్టిన 24 గంటల లోపే కనిపించినా, అరచేతులు అరికాళ్లు పచ్చబడినా, బిడ్డ మగతగా పడి ఉండి పాలు తాగకపోయినా అది మామూలు కాదు. పొద్దున్నే ఎండలో పెడితే సరిపోతుందన్నది మొండి నమ్మకం. ఆసుపత్రిలో నీలి దీపాల కింద పెట్టేది వేరు, వాకిట్లో ఎండ వేరు. పచ్చదనం హద్దు దాటితే మెదడుకి దెబ్బ, అది మళ్లీ బాగుచేయగలిగింది కాదు. జ్వరం 100.4 దాటడం, ఒళ్లు చల్లబడిపోవడం, నిమిషానికి 60 సార్ల కన్నా ఎక్కువ ఊపిరి తీయడం, డొక్కలు ఎగరేయడం, ఫిట్స్ వీటిలో ఏది కనిపించినా దిష్టి తీసేలోపు 108కి ఫోన్ చేయాలి. దిష్టి తర్వాత తీసుకోవచ్చు.

ఇక్కడ ఆశా కార్యకర్త గురించి చెప్పాలి. ఆసుపత్రి కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి రావాలి, బిడ్డని తూచాలి, ఉష్ణోగ్రత చూడాలి, తల్లిని అడగాలి. నర్సింగ్‌హోంలో పురుడు పోయించుకున్న ఇళ్లలో ఆవిడని గుమ్మంలోంచే ‘అంతా బాగానే ఉందమ్మా’ అని పంపేస్తుంటారు. ఆ తూకం ఒక్కటి వేయించుకున్నా పాలు చాలుతున్నాయా లేదా అన్న గొడవ సగం తీరిపోతుంది.

తల్లి మనసు విషయానికొస్తే, మూడో రోజు నుంచి కారణం లేకుండా ఏడుపు రావడం చాలామంది తల్లులకి జరిగేదే. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం, నిద్ర లేకపోవడం రెండూ కలిస్తే అంతే. రెండు వారాల్లో అదే సర్దుకుంటుంది. ‘బాలింత ఏడవకూడదు, కళ్లు పోతాయి’ అంటే ఏడుపు ఆగదు, చాటుకి పోతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డని చూస్తే ఏమీ అనిపించకపోతే, నిద్రపట్టే వీలున్నా పట్టకపోతే, తనకో బిడ్డకో ఏదైనా చేసుకోవాలన్న ఆలోచన వస్తే అది డిప్రెషన్, మందులతో మాటలతో తగ్గే జబ్బు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరుకి తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంట్లో వాళ్లు దీన్ని పసిగట్టడం కష్టం, ఎందుకంటే అందరి కళ్లూ బిడ్డ మీదే ఉంటాయి. పసిగట్టగలిగిన మనిషి, అంటే ఆ అమ్మాయి ముందెలా ఉండేదో బాగా తెలిసిన మనిషి, ఆ సమయానికి వేరే ఊళ్లో ఉంటాడు.

మళ్లీ తండ్రి దగ్గరికే వచ్చాం. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు ఉన్న మగవాళ్లని చూడండి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందని రాత్రి రెండింటికీ నాలుగింటికీ లేస్తారు, కరెంటు పోతే పరుగెత్తి జనరేటర్ వేస్తారు, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ చప్పుడు మారితే నిద్రలోనే తెలిసిపోతుంది. అదే మనిషి ‘బిడ్డ ఏడిస్తే నాకు మెలకువ రాదండీ’ అంటాడు. అబద్ధం కాకపోవచ్చు. చెరువు తనది అనుకున్నాడు కాబట్టి చెవి అటే ఉంటుంది. బిడ్డ సంగతి మేం చూసుకుంటాం అని మొదటి రోజే అత్తగారు చెప్పేశారు కాబట్టి చెవి ఇటు తిరగలేదు. పనికిరాని తండ్రి అంటూ ఎవరూ పుట్టరు, మొదటి మూడు వారాలు బయట కూర్చోబెడితే అలా తయారవుతాడు.

దీని ఫలితం అప్పుడే తెలీదు, ఐదో నెలలో సారెతో పాటు దిగుతుంది. అప్పటికి తల్లికి ఐదు నెలల అనుభవం, ఏ ఏడుపు ఆకలిదో ఏది నిద్రదో తెలుసు. తండ్రికి అదే మొదటి రోజు. ఎత్తుకుంటే బిడ్డ కొత్త మనిషి అనుకుని ఏడుస్తుంది, తల్లి లాక్కుంటుంది, ఆయన ‘సరే, నువ్వే చూసుకో’ అని ఫోన్ తీసుకుంటాడు. ‘ఈయనకి బాధ్యత లేదు’ అనీ ‘నన్ను దగ్గరికి రానివ్వదు’ అనీ అక్కడ మొదలయ్యే తగువు ఇద్దరి మధ్యది కాదు, పురిటింట్లో వేసిన కుర్చీది.

పాలివ్వడం తప్ప మిగతా పనులన్నీ తండ్రి చేయగలడు. త్రేన్పు తెప్పించడం, గుడ్డలు మార్చడం, చొక్కా విప్పి బిడ్డని గుండెల మీద పడుకోబెట్టుకోవడం. నెలలు నిండకుండానో రెండున్నర కిలోల లోపు బరువుతోనో పుట్టిన పిల్లలకి ఇలా ఒంటికి ఆనించి పెట్టుకోవడాన్నే కంగారూ కేర్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి కనీసం ఎనిమిది గంటలు చేయమంటుంది, తల్లి అలిసిపోతే తండ్రి అందుకోవచ్చు. చూడ్డానికొచ్చే చుట్టాల్ని వరండాలోనే ఆపి, చేతులు కడుక్కోమని చెప్పడం కూడా అల్లుడే చేయాలి, అత్తగారు చెబితే ‘మమ్మల్ని రావద్దన్నారు’ అని ఏళ్లతరబడి గుర్తుపెట్టుకుంటారు. ఆసుపత్రి నుంచి జనన నమోదు అయిందో లేదో చూసుకోవడం ఎలాగూ ఆయన పనే. 21 రోజుల్లోపు చేయిస్తే ఆలస్య రుసుం ఉండదు, సరిగ్గా బారసాల గడువే. పేరు ఇంకా కుదరకపోతే పేరు లేకుండానే నమోదు చేయించి, ఏడాదిలోపు చేర్పించుకోవచ్చు.

సెలవు ఏదీ అంటారు, అది న్యాయమైన ప్రశ్నే. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో తల్లికి 26 వారాల జీతంతో కూడిన సెలవు వచ్చింది. తండ్రికి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగమైతే 15 రోజులు, ప్రైవేటు ఉద్యోగమైతే కంపెనీ దయ. ఉన్న నాలుగు రోజుల్నీ కాన్పు రోజు చుట్టూ ఆసుపత్రి కారిడార్లో ఖర్చు చేసేస్తారు చాలామంది. అక్కడ నర్సులుంటారు, అత్తగారుంటారు, ఆయన చేసేదేమీ లేదు. అందులో సగం దాచుకుని డిశ్చార్జి తర్వాత రెండో వారంలో వాడుకుంటే, రాత్రి పది నుంచి రెండు దాకా బిడ్డ ఆయన దగ్గరుంటే, పాలకి మాత్రమే తల్లిని లేపితే, ఆ అమ్మాయికీ అమ్మమ్మకీ దొరికే నిద్ర ఎంతో విలువైంది.

ఇదంతా పుట్టిల్లూ, అమ్మమ్మా, గదీ ఉన్నవాళ్ల సంగతి. ఊడ్పులకి వెళ్లే ఇళ్లలో తల్లే కూలికి పోతే అమ్మాయి పురుడు ఎవరు చూస్తారు? సార్వా (ఖరీఫ్) నాట్లు జోరుగా ఉన్నప్పుడు కాన్పయితే రెండో వారానికే బాలింత పొయ్యి దగ్గరుంటుంది. అక్కడ భర్త నీళ్లు మోస్తాడు, బిడ్డని ఆడిస్తాడు, దాన్ని ఎవరూ గొప్పగా చెప్పుకోరు. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్న తండ్రులు బిడ్డని వీడియోలోనే పెంచుతారు. గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామాల్లో జులై, ఆగస్టుల్లో నెలలు నిండితే వరద రాకముందే గట్టు దాటి రావాలి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో పడవలే దిక్కయ్యాయి. అలాంటి చోట మొదటి వారాల గురించి ఆలోచన ఎనిమిదో నెలలోనే మొదలుపెట్టాలి, గట్టుకి ఇవతల ఎవరింట్లో ఉండాలో అప్పుడే మాట్లాడుకోవాలి.

ఈమధ్య ఇంకో మార్పు కనిపిస్తోంది. అమ్మాయి పుట్టింటికి రావడం కాకుండా పురుడే రైలెక్కుతోంది. డాక్టరు హైదరాబాద్‌లో, ఉద్యోగం హైదరాబాద్‌లో, కాబట్టి అమ్మమ్మే సొంఠి పొడి, కాయం, నలుగుపిండి, పాత మెత్తటి చీరలు సంచుల్లో సర్దుకుని కూకట్‌పల్లి ఫ్లాట్‌కి వెళ్తోంది. అమెరికా అయితే ముందు అమ్మమ్మ, ఆవిడ తిరిగొచ్చే వేళకి నానమ్మ, వంతులవారీగా. ఆ ఫ్లాట్లో పురిటి గది వేరే లేదు, అల్లుడికి వేయడానికి వేరే కుర్చీ కూడా లేదు. రాత్రి రెండింటికి అమ్మమ్మ మోకాళ్లు పట్టుకుని లేచేసరికి హాల్లో లైటు వెలుగుతూ ఉంటుంది, బిడ్డ అల్లుడి భుజం మీద ఉంటుంది. మొదటి నాలుగు రోజులు ఆవిడకే మొహమాటంగా ఉంటుంది, ‘ఇలా ఇవ్వండి బాబూ’ అంటుంది. ఐదో రోజు నుంచి తలుపు దగ్గరికి వేసుకుని మళ్లీ పడుకుంటుంది.